బొల్లారం రాష్ట్రపతి నిలయం: ఆ సొరంగం కోసమైనా వెళ్లండి

సికింద్రాబాద్‌లో అల్వాల్, లోతుకుంట సైడ్ ఉండేవాళ్లకి బొల్లారంలో ప్రెసిడెంట్ విడిది చేసే ఈ రాష్ట్రపతి నిలయం అంటే ఇన్నేళ్లూ ఒక పొడుగాటి గోడ, చలికాలం వస్తే ట్రాఫిక్ డైవర్షన్, అంతే. ప్రెసిడెంట్ హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో దిగారంటే ఆ పూట మన ఆఫీస్ టైమ్ గోవిందా. ఇదివరకు ఏడాదికి ఓ పదిహేను రోజులే తెరిచేవాళ్లు, అదీ తోటల వరకే. 2023 ఉగాదికి ద్రౌపది ముర్ము గారు ఏడాదంతా చూసుకోండని ఓపెన్ చేసేశారు, ఇప్పుడు బిల్డింగ్ లోపలికి కూడా పోవచ్చు.

మొన్న మా అత్తమ్మ వాళ్లు కరీంనగర్ నుంచి వస్తే అందరం కలిసి వెళ్లాం. గేటు దగ్గర సెక్యూరిటీ అంటే ఏదో హడావుడి చేస్తారనుకుంటే ఐడీ చూసి, చెకింగ్ చేసి, మర్యాదగానే పంపించారు, బ్యాగులు మాత్రం క్లోక్‌రూమ్‌లో పెట్టేశాం, అత్తమ్మ పొద్దున్నే లేచి కలిపిన పులిహోర డబ్బా కూడా అందులోనే ఉండిపోయింది, బయటికొచ్చేదాకా ఆవిడకి ధ్యాసంతా దాని మీదే.

ముందే చెప్తున్నా, పెద్ద ప్యాలెస్ ఊహించుకుని పోకండి. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్‌కి 340 గదులు, ఇక్కడ 11 గదులు, ఒకటే అంతస్తు. 1860లో కట్టిన బంగ్లా, అప్పట్లో బ్రిటిష్ రెసిడెంట్, అంటే నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి, వాడుకునేవాడు, స్వాతంత్ర్యం వచ్చాక రాష్ట్రపతికి సౌత్‌లో విడిది అయ్యింది. మావాడైతే దర్బార్ హాల్లో నిలబడి కూడా "ప్యాలెస్ ఎక్కడ డాడీ" అంటాడు. నాకు మాత్రం ఆ సింపుల్‌నెస్సే నచ్చింది, సినిమా హాలు, మార్నింగ్ రూమ్, డైనింగ్ రూమ్ అన్నీ ఎవరో మనుషులు ఉండే ఇల్లులాగే ఉన్నాయి.

అసలు హైలైట్ సొరంగం. వంటగది విడిగా వేరే బిల్డింగ్‌లో ఉంటుంది, అక్కడ వండింది నేల కింద నుంచే డైనింగ్ హాల్‌కి తెచ్చేవాళ్లంట. ఇప్పుడు ఆ సొరంగం గోడల మీద చేర్యాల నకాషీ బొమ్మలు, అంటే మన తెలంగాణ జానపద పటచిత్రాల స్టైల్‌లో, వేయించారు. నడుస్తుంటే తల పక్కనే బొమ్మలు, రంగులు కళ్లకి కొట్టొచ్చినట్టు ఉన్నాయి, అత్తమ్మ ఒక్కో బొమ్మ దగ్గర ఆగి చూస్తుంటే వెనక జనం ఆగిపోయారు, ఎవరూ ఏమనలేదు లెండి. ఢిల్లీ స్టైల్ ఏదో తెచ్చి పెట్టకుండా మన చేర్యాల వాళ్ల పనిని అక్కడ పెట్టడం మాత్రం సూపర్ ఆలోచన, దీనికే నేను ఒక స్టార్ ఎక్కువిస్తా.

బయట దగ్గరదగ్గర 90 ఎకరాలు. ఔషధ మొక్కల తోట, జన్మనక్షత్రాల చెట్లుండే నక్షత్ర వాటిక, మామిడి సపోటా తోటలు, బాగుచేసిన పాత మెట్ల బావులు, 120 అడుగుల టేకు జెండా స్తంభం. నాలెడ్జ్ గ్యాలరీ పిల్లలకి పర్లేదు, పెద్దవాళ్లకి కొంచెం స్కూల్ ఎగ్జిబిషన్ ఫీలింగ్. మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో వెళ్తే వీల్‌చైర్ అడగండి, ఇస్తారు, సిగ్గుపడి నడిపించకండి.

టికెట్ మేం వెళ్లినప్పుడు 50 రూపాయలు, ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకుంటే బెటర్. గైడ్ ఫ్రీ, తప్పకుండా వెంట పెట్టుకోండి, లేకపోతే ఖాళీ కుర్చీలు చూసి వచ్చేస్తారు. సోమవారం సెలవు. చలికాలంలో ప్రెసిడెంట్ విడిదికొచ్చినప్పుడు విజిటర్స్‌ని ఆపేస్తారు కాబట్టి డిసెంబర్‌లో చుట్టాల్ని పిలిచేముందు ఒకసారి చెక్ చేసుకోండి. నా రేటింగ్ అయిదుకి నాలుగున్నర, ఆ అర మార్కు మా అత్తమ్మ పులిహోర ఖాతాలో.