దిగని వృషణం: ఇంజెక్షనా, ఆపరేషనా?

మగబిడ్డకు ఒక వృషణం సంచిలో చేతికి తగలడం లేదని డాక్టరు చెప్పగానే ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: కోత లేకుండా ఇంజెక్షన్లతో దించలేరా? న్యాయమైన ప్రశ్నే. కడుపులో ఉండగా దాన్ని దించేది హార్మోన్లే మరి.

చిక్కల్లా ఏ హార్మోను, ఎప్పుడు అన్నదగ్గరే. వృషణం తయారయ్యేది మూత్రపిండం పక్కన. అక్కడినుంచి రెండు మజిలీల్లో కిందికి వస్తుంది. మొదటిది గర్భంలో 8 నుంచి 15 వారాల మధ్య. వృషణంలోని లేడిగ్ కణాలు ఐఎన్‌ఎస్‌ఎల్3 అనే హార్మోను వదులుతాయి. ఇది ఇన్సులిన్‌కు దగ్గరి చుట్టం. దాని ప్రభావంతో గుబర్నాక్యులమ్ అనే తాడులాంటి కణజాలం లావెక్కి, పిండం పొడవు పెరుగుతున్నా వృషణాన్ని గజ్జ దగ్గరే పట్టి ఉంచుతుంది. ఈ జన్యువు తీసేసిన చిట్టెలుకల్లో వృషణాలు రెండూ కడుపులోనే ఉండిపోయాయని 1999లో తేలింది. రెండో మజిలీ 25 నుంచి 35 వారాల మధ్య. టెస్టోస్టెరాన్ చలవతో వృషణం గజ్జ కాలువ దాటి సంచిలోకి చేరుతుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో ఈ లోపం ఎక్కువగా కనిపించేది అందుకే.

ఇప్పుడు ఇంజెక్షన్ సంగతి. ఇందుకు వాడే హార్మోను పేరు హెచ్‌సీజీ. అది ఇస్తే పెరిగేది ముఖ్యంగా టెస్టోస్టెరాన్. కానీ గుబర్నాక్యులమ్ ఉబ్బే ఘడియ ఎప్పుడో దాటిపోయింది. దారి తప్పి వేరేచోట అతుక్కున్న వృషణాన్ని ఏ హార్మోనూ ఊడదీయలేదు. ఫలితం అయిదుగురిలో సుమారు ఒక్కరికే, వాళ్లలోనూ కొందరికి మళ్లీ పైకి పోతుంది. పైగా పాత లెక్కల్లో, చలికో భయానికో పైకి లాక్కుని మళ్లీ దిగే మామూలు వృషణాలనూ కలిపేసి విజయాలుగా చూపించారు!

ఆపరేషన్‌లో, చేతికి తగిలే వృషణమైతే నూటికి 95కు పైగా సంచిలో నిలుస్తాయి. మత్తుమందు ఇవ్వాలి, అరుదుగా వృషణం కుంచించుకుపోవచ్చు. అయినా నా ఓటు దీనికే. అమెరికా యూరాలజీ సంఘం 2014 మార్గదర్శకాలు కూడా హార్మోన్లు వద్దనే అన్నాయి.

అయితే పుట్టగానే పరుగెత్తనక్కర్లేదు. మొదటి మూడు నెలల్లో బిడ్డలో టెస్టోస్టెరాన్ మరోసారి పెరుగుతుంది, చాలా వృషణాలు వాటంతటవే దిగుతాయి. ఆరు నెలలు దాటితే ఆశ దాదాపు లేనట్టే. నెలలు నిండనివాళ్లకు ఈ లెక్క ప్రసవం కావలసిన తేదీనుంచి. అప్పటికీ దిగకపోతే, బిడ్డకు ఏడాదిన్నర వయసు వచ్చేలోపు ఆపరేషన్ అయిపోవాలి. సంచి ఒంటికన్నా 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉంటుంది. వీర్యకణాలకు మూలమయ్యే కణాలు రూపు దిద్దుకునేది మొదటి ఏడాదిలోనే, వేడి వాటికి పడదు. క్యాన్సర్ విషయానికొస్తే, 2007లో వెలువడిన స్వీడన్ అధ్యయనంలో 13 ఏళ్లలోపు ఆపరేషన్ అయినవాళ్లకు ముప్పు మామూలువాళ్లకన్నా రెండింతలు, ఆ తర్వాత చేయించుకున్నవాళ్లకు అయిదింతలు.

పుట్టిన బిడ్డలో రెండూ తగలకపోతే మాత్రం పైన చెప్పినవేవీ కాదు. ముందు వెంటనే రక్తపరీక్షలు చేయాలి. అడ్రినల్ గ్రంథి లోపంవల్ల మగబిడ్డలా కనిపిస్తున్న ఆడపిల్ల కావచ్చు, ఆ లోపం కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి తేవచ్చు.