జర్మనీలో చవక స్టూడెంట్ హెల్త్ ఇన్సూరెన్స్ కొనేముందు ఇది చదవండి

జర్మనీకి మాస్టర్స్‌కి వస్తున్నవాళ్లు, ముఖ్యంగా 30 ఏళ్లలోపు వాళ్లు, కాస్త ఆగి చదవండి. నేను మోసపోయాను, మీరు పోకండి.

వచ్చిన కొత్తలో ఒక ఏజెంట్ తగిలాడు. "పబ్లిక్ ఇన్సూరెన్స్‌కి (చట్టబద్ధమైన ప్రభుత్వ ఆరోగ్య బీమాకి) నెలకు వంద యూరోల పైన ఎందుకు పోస్తారు, మా దగ్గర 35 యూరోలే" అన్నాడు. పాలసీ మీద 'వీసాకు చెల్లుతుంది' అని పెద్ద అక్షరాలతో ఉంది. యూనివర్సిటీలో చేరిక కూడా సాఫీగా అయిపోయింది. మధ్యలో జర్మన్‌లో ఉన్న ఒక ఫారమ్ మీద సంతకం పెట్టించాడు. ఏమిటని అడిగితే "ఫార్మాలిటీ" అన్నాడు. పెట్టేశాను.

రెసిడెన్స్ పర్మిట్ రెన్యూవల్‌కి ఆస్లాండర్‌బెహోర్డెకి (విదేశీయుల వ్యవహారాల ఆఫీసుకి) వెళ్తే, అక్కడి ఆఫీసరమ్మ నా ఇన్సూరెన్స్ కార్డు వైపు చూడనైనా లేదు. పాలసీ షరతులు అడిగింది. పెన్సిల్‌తో ఒక్కో లైనూ దిగుతూ 'రైజె' అన్న మాట దగ్గర ఆగి కింద గీత గీసింది. రైజె అంటే ప్రయాణం. ఏడాదిగా నేను కట్టింది ట్రావెల్ ఇన్సూరెన్స్! పాత జబ్బులకు కవరేజ్ లేదు, పళ్ల వైద్యానికి పరిమితి, పైగా ఎన్నాళ్లు కట్టినా 5 ఏళ్లకు మించి సాగదు. పబ్లిక్‌కి సాటి వచ్చే పాలసీ తెస్తేనే పని అవుతుందంది.

పోనీ పబ్లిక్‌కి మారదామంటే అసలు దెబ్బ అక్కడే తగిలింది. ఆ 'ఫార్మాలిటీ' ఏమిటంటే, పబ్లిక్ ఇన్సూరెన్స్ నాకొద్దని మినహాయింపు కోరడం. ఒకసారి తీసుకుంటే చదువు అయ్యేదాకా వెనక్కి తీసుకోలేం. జీతంలోంచి పబ్లిక్ ఇన్సూరెన్స్ కోత పడే ఉద్యోగం దొరికితే తప్ప దారి లేదు. చివరికి పూర్తి స్థాయి ప్రైవేట్ పాలసీ తీసుకున్నాను. ఖర్చు పాతదానికి మూడింతలు దాటింది.

పర్మిట్ గడువు ముగియకముందే రెన్యూవల్‌కి అప్లై చేశాను కాబట్టి ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక ధ్రువీకరణ కాగితం చేతికొచ్చింది, పాత పర్మిట్ హక్కులు అలాగే కొనసాగాయి. లేకపోతే ఆ టెన్షన్ ఊహించుకోలేను.

డబ్బు కట్టకముందే కంపెనీకి మెయిల్ పెట్టండి: "పర్మిట్ రెన్యూవల్‌కి, పబ్లిక్‌కి సమానమైన కవరేజ్ అని రాతపూర్వకంగా ఇస్తారా?" నేను ఆలస్యంగా అడిగితే "అది ఆఫీసర్ ఇష్టం" అని జవాబిచ్చారు.

ఆ ఏజెంట్ మాత్రం నిన్న కూడా జూనియర్ల వాట్సాప్ గ్రూపులో "35 యూరోలే" అని మెసేజ్ పెట్టాడు.