ట్యాంకు మీది చిన్న ఫ్యాను: అనంతపురం ఎండలు దాటాక నా మాట

మొక్కల ట్యాంకు, అంటే చేపలతో పాటు నీటి మొక్కలు పెంచే అక్వేరియం, కొత్తగా పెట్టుకునేవాళ్లు లైటు ఏది కొనాలి, అడుగున మట్టి ఏది వేయాలి, ఫిల్టరు ఏది మంచిది అని అడుగుతుంటారు. మన అనంతపురంలో ఉండేవాళ్లు మాత్రం ముందు ఫ్యాను గురించి అడగాలి. ట్యాంకు అంచుకు క్లిప్పుతో తగిలించి నీటి పైకి గాలి కొట్టే జంట ఫ్యాన్ల గురించే చెబుతున్నా. నేను కొన్న సామాన్లలో ఇంత పనికొచ్చింది ఇంకొకటి లేదు. నన్ను బాగా ఇబ్బంది పెట్టిందీ ఇదే. రెండూ చెబుతాను.

సైక్లింగ్ (ఫిల్టర్లో అమ్మోనియాను విరిచే బాక్టీరియా పట్టేలా చేయడం), క్లోరిన్ విరుగుడు, కొత్త చేపల్ని కవరుతో సహా నీళ్లలో తేలనివ్వడం, ఇవన్నీ అందరూ చెప్పేవే కాబట్టి వదిలేస్తున్నా. మాది రెండడుగుల ట్యాంకు, నీళ్లు 60 లీటర్లు కూడా పట్టవు. సాయినగర్‌లో మేడ మీద అద్దె ఇల్లు. పైన స్లాబు, పక్కన పడమటి గోడ, ఏసీ లేదు. ఏప్రిల్ వచ్చిందంటే సాయంత్రం ఆ గోడ మీద చెయ్యి పెట్టలేం. ట్యాంకు నీళ్లు 33, ఒక్కోరోజు 34 డిగ్రీలు చూపించేవి. జావా ఫెర్న్ ఆకులు అంచుల నుంచి గోధుమ రంగుకు తిరిగి పల్చబడ్డాయి. క్రిప్టోకొరైన్ అయితే మొదలు దగ్గర కరిగిపోయి జిగురుగా చేతికొచ్చింది. తెల్లారేసరికి గప్పీలన్నీ నీటి పైకి చేరి నోళ్లు తెరుచుకుని ఉండేవి. రాత్రంతా మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి, నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ కరిగేదే తగ్గుతుంది, అందుకే తెల్లవారుజామున వాటికి ఊపిరాడదు.

దీనికి తోడు చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా. బోరు నీళ్ల పీహెచ్ మా వీధిలో 8 దగ్గర ఉంటుంది. ఆ పీహెచ్‌లో నీళ్లు 28 డిగ్రీలుంటే మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే వంతు సుమారు 6.5 శాతం. 33 డిగ్రీలైతే 9 శాతం. అదే మేత, అవే చేపలు, అదే ఫిల్టరు, ప్రమాదం మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు. ట్యాంకు కొత్తది, ఫిల్టర్లో బాక్టీరియా ఇంకా సరిగా పట్టలేదు అంటే ఈ తేడాకే చేపలు పోతాయి. ఎండాకాలంలో మొదటి ట్యాంకు పెట్టొద్దు అని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

సీసాల్లో ఐసు గడ్డకట్టించి ట్యాంకులో వేసే పద్ధతి కూడా నడిపాం. అది కరిగేదాకా చల్లగా ఉండి, గంటా రెండు గంటల్లో మళ్లీ మొదటికొస్తుంది. అలా ఎక్కీ దిగే వేడి చేపలకు ఇంకా చేటు. చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) ధర విన్నాక దాని ఊసే ఎత్తలేదు. చేపల అంగట్లో అతను మాత్రం ధైర్యంగా చెప్పాడు: "చిల్లర్ యాడికన్నా మనకు? మన ఊరి ఎండు గాలికి ఈ ఫ్యానే చాలు, తగిలించి సూడు."

అతని మాట నూటికి నూరుపాళ్లు నిజమైంది. బిగించిన రోజు సాయంత్రం గది 38 ఉంటే నీళ్లు 29.5 చూపించాయి. థర్మామీటరు పాడైందేమో అని ఇంకొకటి తెచ్చి ముంచాను. అదీ అంతే చూపించింది. కొత్త కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇది. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 580 కిలోక్యాలరీల వేడిని తనతో తీసుకుపోతుంది. లెక్క ప్రకారం అది 60 లీటర్ల నీటిని తొమ్మిది డిగ్రీలకు పైగా దించగలదు. గది వేడి మళ్లీ లోపలికి ఎక్కుతూనే ఉంటుంది కాబట్టి మనకు మిగిలేది మూడు నాలుగు డిగ్రీలు. ఆ మూడు నాలుగే క్రిప్టోకొరైన్‌ను బతికించాయి. గాలిలో తేమ తక్కువైతేనే ఈ పని జరుగుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మన జిల్లాలో వేసవి గాలికి ఎండుతనం కరువా! మచిలీపట్నంలోనో విశాఖలోనో ఉండేవాళ్లు మాత్రం ఇదే ఫ్యాను కొని ఇంత ఫలితం ఆశించొద్దు.

ఇక్కడిదాకా పొగడ్తే. మొదటి వేసవి సగం గడిచేదాకా ఎవరు అడిగినా ఇంతే చెప్పాను.

మే నెలలో వాలిస్నేరియా ఆకుల మీద తెల్లటి పొర కనిపించింది. మొదట బూజు అనుకున్నాం. ఒక ఆకు తుంచి రెండు వేళ్ల మధ్య రుద్దితే సన్న ఇసుకలా గరగరమంది. ఒక చుక్క వెనిగర్ వేశాను, సన్నగా బుడగలొచ్చాయి. సున్నం. కార్బన్ డయాక్సైడ్ చాలనప్పుడు వాలిస్నేరియా నీళ్లలోని బైకార్బొనేట్ నుంచి కార్బన్ లాక్కుంటుంది, ఆ పనిలో కాల్షియం కార్బొనేట్ ఆకు మీదే పేరుకుంటుంది. కొద్దిగా ఉంటే భయం లేదు. మా ట్యాంకులో ఆకు పచ్చదనమే కనిపించనంత పట్టింది. హీటరు గొట్టానికీ, అద్దానికి నీటి మట్టం ఉండే చోటా తెల్లటి గట్టి చార. ప్లాటీలు రెక్కలు ముడుచుకుని అడుగున కూర్చున్నాయి. అంతకు ముందు వారమే చక్కగా తిరిగిన చేపలు మేత వేసినా కదలలేదు.

అమ్మోనియా చూశాను, లేదు. అమ్మోనియా విరిగినప్పుడు వచ్చే నైట్రైట్, అదీ విషమే, లేదు. చివరికి తెలిసినతని దగ్గర టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పులు, సున్నం ఎంతున్నాయో చూపేది) తెచ్చి ముంచితే 1300 దాటింది. మా బోరు నీళ్లు 800 దగ్గరుంటాయి. మిగతా 500 ఎక్కడివి? ఫ్యానువే. రోజుకు లీటరున్నర నీళ్లు ఆవిరవుతుంటే, తగ్గిన మేర మళ్లీ బోరు నీళ్లే పోస్తున్నాం. పైకి పోయేది నీరొక్కటే, ఉప్పూ సున్నమూ లోపలే మిగులుతాయి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చినా ఆ పేరుకునేదాన్ని అందుకోలేదు. ఫ్యాను పెట్టె మీద నాలుగు డిగ్రీలు తగ్గుతుందని పెద్దక్షరాలతో వేశారు. పోసే నీళ్లు ఎలాంటివి ఉండాలన్న ముక్క ఎక్కడా లేదు. నాకు ఆ కంపెనీ మీద కోపం అక్కడే. బోరు నీళ్లతో బతికే ఊళ్లకు ఈ ఫ్యాను అమ్మేటప్పుడు ఆ ఒక్క వాక్యం వేయాలి కదా.

దారి కష్టమైంది కాదు. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్లు పోయాలి. వీధి చివర ప్లాంటులో పట్టే 20 లీటర్ల క్యాను చాలు, మాకు రెండు వారాలు వస్తుంది. వారం వారం నీళ్లు మార్చేటప్పుడు మాత్రం మామూలు బోరు నీళ్లే. గప్పీ, ప్లాటీ, మోలీలకు సున్నం ఉన్న ఆ గట్టి నీళ్లే కావాలి. ఒక్కసారిగా అంతా ఆర్వో పోసి టీడీఎస్ దించకండి, ఆ దెబ్బకే చేపలు పోతాయి. నేను నెలపాటు కొద్దికొద్దిగా దించి 850 దగ్గర నిలబెట్టాను. ప్లాటీలు లేచి తిరిగాయి. పాత ఆకులకు పట్టిన సున్నం పోలేదు, కత్తిరించేశాను. కొత్త ఆకులు పచ్చగానే వచ్చాయి.

మిగతావి చిన్నవే. ఫ్యాను పెడితే మూత తీసేయాలి, మోలీలు ఎగురుతాయి, పైనుంచి బల్లులు పడతాయి. కిటికీలకు కొట్టే దోమల జాలీ ఒక ముక్క కత్తిరించి వేశాం, గాలికి అడ్డం రాలేదు. మొదటి ఫ్యాను బేరింగు ఏడాది తిరక్కుండానే గీ అని అరవడం మొదలుపెట్టింది. పడక గదిలో ట్యాంకు ఉన్నవాళ్లకు అది నరకం, మాది హాల్లో కాబట్టి సరిపోయింది. మేం కొన్నది 12 వోల్టులది. వైఫై రూటరు కోసం పెట్టుకునే చిన్న యూపీఎస్‌కు తగిలిస్తే కరెంటు పోయినా తిరుగుతుంది. మధ్యాహ్నం కోత పడినప్పుడు దాని విలువ తెలిసింది. కొనేముందు ఆ రెండింటి వోల్టూ ఆంపూ కలుస్తాయో లేదో చూసుకోండి.

వానలు మొదలై గాలిలో తేమ పెరిగితే తగ్గేది డిగ్రీ మాత్రమే. అప్పుడు తీసి దాచేయొచ్చు. చలికాలంలో రాత్రంతా తిరగనిస్తే నీళ్లు 20కి దిగుతాయి, గప్పీలకు అది మంచిది కాదు. ఇంట్లో ఎవరూ ఉండనివాళ్లు టెంపరేచర్ కంట్రోలర్‌తో కలిపి కొంటే నయం.

మళ్లీ కొంటానా అంటే, కొన్నాను కూడా. పాతది అరిచాక అదే రకం తెచ్చాను. మా ఇంట్లో పగలు మా అమ్మ ఉంటుంది, మట్టం తగ్గితే చెంబుతో ఆర్వో నీళ్లు పోస్తుంది. ఆ చెయ్యి లేని ఇంట్లో, ఊరెళ్తే నాలుగు రోజులు తాళం పడే ఇంట్లో ఇది ఎంతవరకు సుఖమో చెప్పలేను. నాలుగడుగుల ట్యాంకుకు ఈ జంట ఫ్యాన్లు చాలవు. మున్సిపాలిటీ పీఏబీఆర్ (పెన్నా అహోబిలం రిజర్వాయరు) నీళ్లు వచ్చే వీధులవాళ్లకు సున్నం బాధ మా అంత ఉండకపోవచ్చు, అయినా ఒకసారి టీడీఎస్ చూసుకుని మొదలుపెట్టండి. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఫ్యానూ, టీడీఎస్ మీటరూ కలిపి కొనమంటున్నాను. రెండింటికీ డబ్బు చాలకపోతే ముందు మీటరు కొని, ఫ్యాను మార్చిలో కొనండి.