వైర్‌షార్క్: ప్లాంట్ నెట్‌వర్క్ చూడ్డానికి ఇంతకంటే మంచి ఫ్రీ టూల్ నాకు దొరకలేదు

ఇన్‌స్ట్రుమెంటేషన్, ఆటోమేషన్ వాళ్ల కోసం రాస్తున్నా. సెక్యూరిటీ అనగానే మేనేజ్‌మెంట్ లక్షల్లో కొటేషన్లు తెప్పిస్తుంది, అవి ఫైల్లోనే పడి ఉంటాయి, ఈలోపు అసలు మన పీఎల్‌సీతో (మెషీన్లని నడిపించే కంట్రోల్ కంప్యూటర్) ఏయే సిస్టమ్స్ మాట్లాడుతున్నాయి అంటే ఎవరి దగ్గరా జవాబుండదు. ఆ ప్రశ్న వరకు నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాని విప్పి చూపించే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్ చాలు, పైసా ఖర్చు లేదు.

పీఎల్‌సీలు మాట్లాడుకునే భాషల్లో ఒకటైన మోడ్‌బస్ ప్రోటోకాల్ 1979 నాటిది, అందులో పాస్‌వర్డ్ అన్నదే లేదు. మోడ్‌బస్ వాడే 502 నెట్‌వర్క్ పోర్ట్‌ దాకా రాగలిగిన ఏ కంప్యూటరైనా రిజిస్టర్ (పీఎల్‌సీలో విలువలుండే చోటు) చదవొచ్చు, రాసేయొచ్చు కూడా, నువ్వెవరు అని పీఎల్‌సీ అడగదు. వైర్‌షార్క్ ప్రతి ప్యాకెట్‌లో ఫంక్షన్ కోడ్ (ఏ పని చేయమంటున్నారో చెప్పే నంబర్) విప్పి చూపిస్తుంది, 3 అయితే చదవడం, 5, 6, 15, 16 అయితే రాయడం. నేను ముందు రైట్‌లే ఫిల్టర్ చేస్తా. మా బాయిలర్ పీఎల్‌సీకి హెచ్‌ఎంఐ (ఆపరేటర్ వాడే స్క్రీన్) ఒక్కటే రాయాలి, కానీ స్టోర్స్ పక్కనున్న పాత పీసీ నుంచి కూడా రైట్‌లు కనిపించాయి, ఎప్పుడో కమిషనింగ్ టైమ్‌లో (ప్లాంట్ మొదట స్టార్ట్ చేసినప్పుడు) వేసిన స్కాడా, అంటే ప్లాంట్‌ని కంప్యూటర్ నుంచి చూసి నడిపే సాఫ్ట్‌వేర్, ఇంకా రన్ అవుతోంది, పైగా ఆ పీసీకి ఇంటర్నెట్ ఉంది! దాన్ని తీయించేదాకా ఊరుకోలేదు. 2018 ఆగస్టులో తైవాన్‌లో టీఎస్‌ఎంసీ ఫ్యాక్టరీలు ఆగింది కూడా వైరస్ ఉన్న ఒక్క కొత్త మెషీన్‌ని చెక్ చేయకుండా నెట్‌వర్క్‌కి కలపడం వల్లే కదా.

ఇబ్బందులూ ఉన్నాయి. ట్రాఫిక్ కాపీ రావాలంటే నెట్‌వర్క్ స్విచ్‌లో పోర్ట్ మిర్రరింగ్ (ఒక పోర్ట్ ట్రాఫిక్‌ని ఇంకో పోర్ట్‌కి కాపీ చేయడం) ఉండాలి, చాలా ప్యానెళ్లలో ఉండే చవక అన్‌మేనేజ్డ్ (సెట్టింగులు మార్చలేని) స్విచ్‌లో అది ఉండదు, స్విచ్ మార్చాలి, లేదంటే మధ్యలో ట్రాఫిక్ కాపీ తీసే నెట్‌వర్క్ ట్యాప్ పెట్టాలి. రోజుల తరబడి క్యాప్చర్ పెడితే మెమరీ నిండిపోతుంది, పాత ఫైళ్లని చెరిపేసి కొత్తవి రాసుకునే రింగ్ బఫర్ ఆప్షన్ పెట్టుకోండి. ముఖ్యంగా ఇది అలర్ట్ ఇవ్వదు, ఎవరైనా కూర్చుని చూస్తేనే ఉపయోగం, రాత్రి షిఫ్ట్‌లో ఎవడైనా దూరితే ఆపదు. ఫైర్‌వాల్‌కి బదులు ఇది అని ఎవరైనా అంటే నమ్మకండి.

స్కాడా సర్వర్ మీద మాత్రం ఇన్‌స్టాల్ చేయొద్దు ప్లీజ్, విడిగా ఒక ల్యాప్‌టాప్ పెట్టండి. ఇది ఊరికే వింటుంది కాబట్టి భయం లేదు, కానీ అదే ఊపులో ప్రతి పరికరానికీ తనే మెసేజ్‌లు పంపి వెతికే నెట్‌వర్క్ స్కానర్ కూడా రన్ చేద్దాం అనుకోకండి, పాత పీఎల్‌సీలు కొన్ని స్కాన్‌కే హ్యాంగ్ అయిపోతాయి, బ్యాచ్ నడుస్తున్నప్పుడు అసలే వద్దు.

నా రేటింగ్ 5కి 4, ఆ ఒక్కటి అలర్ట్ లేనందుకు.