చలికాలం సైకిలు ఎక్కడ ఉంచాలి: గ్యారేజీలోనా, ఇంట్లోనా?

నవంబరులో గడియారాలు గంట వెనక్కి జరిగే వేళకు షికాగో వైపు సైకిలు తొక్కే మనవాళ్లు ఏటా అడిగేది ఇదే: రోడ్డు సైకిలును ఏప్రిల్ దాకా గ్యారేజీలో ఉంచితే చాలా, ఇంట్లోకి తేవాలా? అందరి భయమూ చలి గురించే. సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువకు పోయినా ఫ్రేముకు అదొక లెక్క కాదు. టైర్లలో గాలి కాస్త తగ్గుతుంది, అంతే. సైకిలును తినేది చెమ్మ, దానికి తోడైన ఉప్పు.

ఆ ఉప్పును మోసుకొచ్చేది మన కారే. మంచు పడితే రోడ్లమీద ఉప్పు చల్లుతారు, చాలాచోట్ల కాల్షియం క్లోరైడు, మెగ్నీషియం క్లోరైడు కూడా వాడతారు. ఇవి గాలిలోని తేమను లాక్కుంటాయి కనుక ఒక పట్టాన ఆరవు. సాయంత్రం కారు లోపల పెట్టాక చక్రాల పైన పేరుకున్న బురదమంచు ముద్దలుగా జారిపడి, కరిగి, నేలమీద మడుగు కడుతుంది. పొద్దున చూస్తే దాని అంచున తెల్లటి చార. ఇంటికి ఆనుకున్న గ్యారేజీ వెచ్చగా ఉంటుందని మురిసిపోతాం గానీ, తుప్పుకు కావలసిందీ ఆ వెచ్చదనమే. విశాఖలో బీచి దగ్గరి ఇళ్ల కిటికీ ఊచలు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

కారు పెట్టని విడి గ్యారేజీ ఇంతకన్నా నయం. దానికీ ఒక చిక్కుంది. మార్చిలో ఉన్నట్టుండి వెచ్చటి వానగాలి వీస్తే, ఇంకా చల్లగానే ఉన్న లోహం మీద నీటి బొట్లు పడతాయి. చైను పైనున్న తడి తుడిస్తే పోతుంది, లింకుల మధ్యకు దిగింది పోదు.

ఇంట్లో హీటరు పుణ్యమా అని గాలి పెదవులు పగిలేంత పొడిగా ఉంటుంది. మనకు ఇబ్బందే, సైకిలుకు హాయి. నా ఓటు ఇంటికే. ఇంట్లోవాళ్లను ఒప్పించడం మీ పని. గోడకు కొక్కెం వేసి నిలువుగా వేలాడదీస్తే పెద్దగా చోటు పట్టదు. చక్రం వంగుతుందేమోనన్న అనుమానం వద్దు, మనిషిని మోసే చక్రానికి ఏడెనిమిది కిలోలు ఒక బరువా! ట్యూబు లేని టైర్లయితే లోపలి సీలెంటు (చిల్లులు పూడ్చే ద్రవం) ఒకేచోట గడ్డకట్టకుండా అప్పుడప్పుడు చక్రం తిప్పాలి. అయితే లోపలికి తెచ్చేముందే కడిగి, ఆరబెట్టి, చైనుకు నూనె పట్టించాలి. లేదంటే వెంట వచ్చిన ఉప్పు తన పని తాను చేసుకుపోతుంది.

ట్రైనరుకు, అంటే ఇంట్లోనే కదలకుండా తొక్కేందుకు వాడే స్టాండుకు, బిగించి చలికాలమంతా తొక్కుతామనేవారికి ఒక మాట: చెమట కూడా ఉప్పునీరే. హ్యాండిల్ టేపు కిందికి దిగి అల్యూమినియాన్ని తెల్లపొడిగా రాలుస్తుంది. పైన తువ్వాలు కప్పండి, పాత సైకిలుంటే దాన్నే బిగించండి.

కొన్ని దుకాణాలవాళ్లు డబ్బు పుచ్చుకుని దాచిపెడతారు, సర్వీసింగు అక్కడే చేయించుకునేవారికి అదీ సరే. బాల్కనీలో కవరు కప్పి ఉంచడం మాత్రం వద్దు, చెమ్మంతా కవరు లోపలే నిలుస్తుంది.