ఇంటర్‌లో చేరాక మృదంగం: సంగీత కళాశాలా, భజన మండలా?

ఇంటర్ మొదలవగానే చాలా ఇళ్లలో మృదంగం అటకెక్కుతుంది. మా ఇంట్లోనూ ఎక్కింది. ఆర్నెల్లకు దించి, తొప్పికి (ఎడమ వైపు మూతకు) రవ్వ ముద్ద అద్ది కూర్చుంటే మావాడి వేళ్లు తడబడ్డాయి. నాకు మనసు చివుక్కుమంది. వరంగల్‌లో ఉన్నవాళ్లకు దారులు రెండు: విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, లేదా వాడలోని భజన మండలి.

ఖర్చు: కళాశాలలో ప్రభుత్వ ఫీజు. మండలిలో అదీ ఉండదు.

శ్రమ: కళాశాలలో 4 ఏళ్ల సర్టిఫికెట్, ఆపైన 2 ఏళ్ల డిప్లొమా. రోజూ సాధన చేయాల్సిందే. మండలిలో వారానికి ఒక రాత్రి. కానీ పాడేవాళ్లు ఎక్కడ ఎత్తుకుంటారో, ఎప్పుడు వేగం పెంచుతారో ముందే చెప్పరు. చెవి పెట్టి పట్టుకోవాలి. పక్కన తాళాలు మోగుతుంటే వాయించడం పిల్లలకు పండగే, ఇక ఇంట్లో ఎవరూ గుర్తు చేయక్కర్లేదు.

రిస్క్: కళాశాలలో రెండు చదువుల టెన్షన్. మండలిలో చెయ్యి తప్పుగా పడితే దిద్దేవాళ్లు తక్కువ.

ఎంట్రన్స్ కోచింగ్‌లో ఉన్న పిల్లలకు ఈ రెండేళ్లు మండలి చాలు, చెయ్యి ఆగిపోదు. సంగీతమే బతుకుతెరువు కావాలనుకునేవాళ్లను మాత్రం ఆలస్యం చేయకుండా కళాశాలలో చేర్చండి.