ఫ్రిటాటాకి హామ్ స్లైసులు దండగ, గంబూచ్చో అడగండి

ఇటలీలోని బొలోన్యాలో మా ఇంటి దగ్గరి సలుమెరియా (ఉప్పులో ఊరిన మాంసాలు అమ్మే కొట్టు) గురించి రాద్దామని మొదలుపెట్టాను కానీ, నిజానికి అక్కడ దొరికే ఒక్క సరుకు గురించే చెప్పాలి. పేరు గంబూచ్చో. ప్రొషూత్తోని, అంటే ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడని (హామ్), కోసుకుంటూ పోతే మోకీలు వైపు సన్నబడిపోయి, ఇక మెషీన్‌లో అందమైన స్లైసులు రావు. ఆ మిగిలిన చివరి ముక్కే ఇది. అద్దాల వెనక పెట్టరు, నోరు తెరిచి అడగాలి. నేను అడిగితే కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ "దేనికి?" అంది. ఫ్రిటాటాకి, అంటే ఇక్కడి మందపాటి ఆమ్లెట్‌కి, అనగానే స్లైసులు కోయబోయిన చెయ్యి ఆపేసి, లోపలికెళ్లి ఇది తెచ్చింది. అలా ఖరీదైనది వదిలి చవకది అమ్మేవాళ్లని నేను తక్కువే చూశాను.

చవక కదా అని నాసిరకం అనుకోకండి. తొడ అదే, ఊరడమూ అంతే. పార్మా ప్రాంతపు ప్రొషూత్తో, అంటే పార్మా హామ్‌లో పంది తొడ, ఉప్పు తప్ప ఇంకేమీ కలపకూడదు. ఇప్పుడున్న నిబంధన ప్రకారం కనీసం 14 నెలలు ఆరాలి. అప్పుడే తోలు మీద అయిదు మొనల కిరీటం ముద్ర పడుతుంది. గంబూచ్చో కొంచెం గట్టిగా, ఉప్పగా ఉంటుంది, నరాలూ ఎక్కువే. పచ్చిగా తినడానికి బాగోదు. గుడ్డులోకి మాత్రం ఇదే కావాలి. పల్చటి స్లైసులు పెనం మీద పడగానే అప్పడంలా ముడుచుకుపోయి ఉప్పు బిళ్లలవుతాయి. అంత డబ్బు పోసి కొన్న సువాసన ఆవిరైపోతుంది. సూపర్‌మార్కెట్లో ప్యాకెట్లో దొరికే రెడీమేడ్ ముక్కలు ఇంకా అన్యాయం. నీళ్లు వదిలి గుడ్డుని చిత్తడి చేస్తాయి.

నేను చేసేది ఇలా. ఆరు గుడ్లకి 80 గ్రాముల గంబూచ్చో. నరాలు తీసేసి శనగగింజంత ముక్కలు కోస్తాను. 24 సెంటీమీటర్ల నాన్‌స్టిక్ పెనంలో చెంచాడు ఆలివ్ నూనె వేసి, ముక్కల కొవ్వు కరిగేదాకా సన్నసెగ మీద వేయించి పక్కకి తీస్తాను. గుడ్లలో రెండు గుప్పెళ్లు తురిమిన పార్మిజానో చీజ్, తరిగిన పార్స్లీ, కాస్త మార్జొరం ఆకు, మిరియాల పొడి. ఉప్పు వేయను, హామ్, చీజ్ రెండూ చూసుకుంటాయి. పాలు కూడా వద్దు. ఫోర్కుతో సొన కలిసేదాకా కలిపితే చాలు, నురగ రానవసరం లేదు. ఆ కొవ్వులోనే పోసి, ముక్కలు చల్లి, మూతపెట్టి సన్నసెగ మీద ఎనిమిది, పది నిమిషాలు. నడుమ ఇంకా కాస్త వణుకుతుండగానే పెద్ద పళ్లెం బోర్లించి తిప్పి, మళ్లీ పెనంలోకి జార్చి రెండు నిమిషాలు. మనకి ఆమ్లెట్ అంటే పెద్ద మంట, గబగబా, అంచులు కరకరలాడాలి. ఇక్కడ ఆ అలవాటు మానుకోవాలి. మంట పెంచితే అడుగు నల్లబడుతుంది, పైన పచ్చిగానే ఉంటుంది.

వేడివేడిగా తినకండి. గోరువెచ్చగా అయ్యాక మూలికల వాసన తెలుస్తుంది. మర్నాడు బ్రెడ్డు మధ్య పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది. ఈస్టర్ మర్నాడు ఇక్కడివాళ్లు పిక్నిక్‌కి ఫ్రిటాటా కట్టుకెళ్లేది అందుకే కాబోలు.

షాపులో లోటు లేదని కాదు. శనివారం పొద్దున చీటీ తీసుకుని చాలాసేపు నిలబడాలి, గురువారం మధ్యాహ్నం మూసేస్తారు, గంబూచ్చో రోజూ ఉండదు. ఒక్కోసారి తోలే సగం బరువు తూగుతుంది, కాబట్టి తూకం వేసే ముందే ముక్క చూపించమనండి. అయినా కిలో ధర స్లైసుల ధరలో సగానికి తక్కువే. నా లెక్కలో షాపుకి అయిదుకి నాలుగున్నర మార్కులు. ఆ తోలు పారేయకండి. గీకి కడిగి, ఒక పొంగు వచ్చాక నీళ్లు వంపేసి, చిక్కుడు గింజలతోపాటు ఉడకనివ్వండి. ఆ కుండలో ఉప్పు మాత్రం రుచి చూశాకే.